పెరిగిన జీతం ఎటు పోతోంది? పెద్ద నగరంలో ఖర్చుల తీరు

క్లుప్తంగా: పెద్ద నగరంలో అన్నీ ఖరీదు కావు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లలేని వాటికే, అంటే నేలకు, మనిషి శ్రమకు అక్కడ ధర ఎక్కువ. అద్దెను విడిగా కాకుండా ప్రయాణ ఖర్చుతో, దారిలో పోయే గంటలతో కలిపి చూస్తేనే అసలు లెక్క తేలుతుంది. చిన్న ఊళ్లో డబ్బు లేకుండా జరిగిపోయే పనులకు నగరంలో డబ్బు కట్టాలి. దానికి కొత్తదనం తోడవడంతో మొదటి ఏడాది భారం ఎక్కువగా ఉంటుంది. నగరంలో జీతం వల్ల వచ్చే లాభం ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది, అయితే అది అందరికీ ఒకేలా అందదు.

చిన్న ఊరి నుంచి పెద్ద నగరానికి ఉద్యోగం మీద వచ్చినవారిలో చాలామందికి మూడు నాలుగు నెలలకల్లా ఒకే సందేహం వస్తుంది. జీతం ఒకటిన్నర రెట్లయింది. దుబారా చేసింది లేదు. అయినా నెలాఖరుకు మిగిలేది మునుపటికన్నా తక్కువ. ‘నగరంలో అన్నీ ఖరీదే’ అని సరిపెట్టుకుంటారు, లేదా తమకు పొదుపు చేతకాదని తమనే నిందించుకుంటారు. ఈ రెండూ పూర్తిగా నిజం కావు. డబ్బు ఏ దారిలో పోతోందో తెలియనప్పుడు, తగ్గించుకోకూడని చోట తగ్గించుకుని, తగ్గించుకోగల చోట వదిలేయడం జరుగుతుంది.

ఖరీదైనవి ఏవి, కానివి ఏవి

సబ్బు, చొక్కా, మొబైల్ ఫోన్ లాంటివి లారీ ఎక్కి ఎక్కడికైనా వెళ్తాయి. ఒక ఊళ్లో ధర మరీ పెరిగితే ఇంకో ఊరి సరుకు అక్కడికి వచ్చి పడుతుంది. అందుకే ఇలాంటి వస్తువుల ధరల్లో ఊరికీ నగరానికీ పెద్ద తేడా ఉండదు. పైగా నగరంలో దుకాణాల మధ్య పోటీ ఎక్కువ. అమెరికా నగరాల్లో కిరాణా సరుకుల కొనుగోళ్లను పరిశీలించిన ఆర్థికవేత్తలు జెస్సీ హ్యాండ్‌బరీ, డేవిడ్ వైన్‌స్టీన్ 2015లో వెలువరించిన ఫలితం చాలామంది నమ్మకానికి విరుద్ధంగా ఉంది. అదే సరుకును అదే తరహా దుకాణంలో కొన్నట్టు పోల్చి, దొరికే రకాల సంఖ్యను కూడా లెక్కలోకి తీసుకుంటే, పెద్ద నగరాల్లో ఆ సరుకుల ఖర్చు ఎక్కువ కాదు, తక్కువే అని వాళ్లు తేల్చారు.

నేలను లారీలో ఎక్కించలేం. జుట్టు కత్తిరించే మనిషిని, పిల్లల్ని చూసుకునే ఆయాను, కుళాయి బాగుచేసే ప్లంబర్‌ను కూడా రోజూ దూరం నుంచి తెప్పించుకోలేం. వాళ్లూ అదే నగరంలో ఉండాలి, అదే అద్దెలు కట్టాలి. 1960లలో విలియం బౌమోల్ అనే ఆర్థికవేత్త సంగీత కచేరీలను ఉదాహరణగా తీసుకుని ఈ సంగతి వివరించాడు. నలుగురు వాయించాల్సిన సంగీతానికి వందేళ్ల తర్వాతా నలుగురే కావాలి. ఫ్యాక్టరీలో యంత్రం వచ్చి పని వేగం పెరిగినట్టు ఇక్కడ పెరగదు. కానీ మిగతా రంగాల్లో జీతాలు పెరుగుతుంటే వీళ్ల జీతాలూ పెరగాల్సిందే, లేకపోతే ఆ పనికి మనుషులు దొరకరు. మంచి జీతాలున్న నగరంలో మనిషి చేతితో జరిగే ప్రతి పనీ ఖరీదు కావడానికి ఇదే కారణం.

కాబట్టి ఒకే నగరం, ఒకే జీతం ఉన్న ఇద్దరికి జీవన వ్యయం ఒకేలా ఉండదు. సరుకులు తెచ్చుకుని వండుకునేవారి ఖర్చు ఎక్కువగా వస్తువుల మీద పోతుంది. బయట తిని, బట్టలు బయట ఉతికించుకుని, క్యాబ్‌లో తిరిగేవారి ఖర్చు మనుషుల శ్రమ మీద పోతుంది. కొత్తగా వచ్చినవారు మొదటి నెలల్లో ఈ రెండో కోవలోనే ఉంటారు. వంటగది ఇంకా అమరలేదు, ఏ బస్సు ఎటు వెళ్తుందో తెలియదు, రోజంతా పరుగే. నగరం అత్యంత ఖరీదుగా అమ్మేవాటినే అప్పుడు అత్యంత ఎక్కువగా కొంటారు.

అద్దె అంటే సమయానికి కట్టే ధర

అద్దె గోడలకూ కప్పుకూ కట్టేదే అనిపిస్తుంది. కానీ అలాంటి గోడలు, అలాంటి కప్పు ఉన్న ఇల్లే నగరం అంచున సగం అద్దెకు దొరుకుతుంది. మిగిలిన సగం దేనికి కడుతున్నట్టు? దగ్గరితనానికి.

ఈ ఆలోచన పాతదే. 1826లో జర్మన్ భూస్వామి, ఆర్థికవేత్త యోహాన్ హైన్రిష్ ఫాన్ ట్యూనెన్ పంట పొలాల విషయంలో దీన్ని గమనించాడు. సంతకు దగ్గరున్న పొలానికి బండి కిరాయి తక్కువ, అందుకే దాని కౌలు ఎక్కువ. 1964లో విలియం అలోన్సో ఇదే సూత్రాన్ని నగరాలకు అన్వయించాడు. ఉద్యోగాలున్న చోటికి దూరం పెరిగేకొద్దీ ప్రయాణం భారమవుతుంది, ఆ మేరకు జనం అక్కడి నేలకు తక్కువ ఇస్తారు. అంటే అద్దె, ప్రయాణం ఒకే త్రాసులో రెండు పళ్లేలు. అద్దెలో తగ్గిందని సంతోషించేది చాలా వరకు ఇంకో వైపు చేరి ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. నెల జీతం 100 భాగాలు అనుకుందాం. ఒక ఇంటి అద్దె 35 భాగాలు, ప్రయాణానికి 5 భాగాలు, రోజుకు రానూపోనూ 40 నిమిషాలు. ఇంకో ఇంటి అద్దె 24 భాగాలు, ప్రయాణానికి 12, రోజుకు రెండున్నర గంటలు. అద్దె మాత్రమే చూస్తే రెండో ఇంట్లో 11 భాగాలు ఆదా. ప్రయాణం కలిపితే మొదటిదానికి 40, రెండోదానికి 36. ఆదా 4 భాగాలకు పడిపోయింది. ఇక సమయం సంగతి. రోజుకు 110 నిమిషాల తేడా, నెలకు 22 పని దినాలు. మొత్తం 40 గంటలు దాటుతుంది. అంటే ప్రతి నెలా ఒక పూర్తి పని వారం అదనంగా దారిలో గడుస్తోంది, అదీ జీతం లేకుండా. జీతంలో 4 శాతం మిగల్చడానికి ఇచ్చిన ధర అది.

ఆ 40 గంటలనూ డబ్బుగా మార్చుకోలేం కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. నెల జీతగాడికి ఎక్కువ గంటలు పని చేసినంత మాత్రాన ఎక్కువ డబ్బు రాదు. ఇంటికి డబ్బు పంపాల్సిన మనిషికి ఆ 4 భాగాలే ప్రాణావసరం కావచ్చు. కానీ దారిలో పోయిన గంటలు ఇంకో రూపంలో జేబుకు చిల్లు పెడతాయి. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరినవారికి వండుకునే ఓపిక ఉండదు. ఉదయం బస్సు తప్పితే క్యాబ్ ఎక్కాలి. నెలలో నాలుగైదు సార్లు ఇలా జరిగినా ఆ 4 భాగాలూ కరిగిపోతాయి. ఆరోగ్యం, నిద్ర సంగతి సరేసరి. ఆర్థికవేత్తలు ఆలోయిస్ స్టట్జర్, బ్రూనో ఫ్రే 2008లో జర్మనీ కుటుంబాల సర్వేలను విశ్లేషించారు. దూరప్రయాణానికి బదులుగా మంచి జీతమో చవక ఇల్లో దొరికి లెక్క సరిపోవాలి. అలా జరగలేదని, ప్రయాణ సమయం పెరిగేకొద్దీ జీవితం పట్ల తృప్తి తగ్గుతోందని వాళ్లు గుర్తించారు. ఇల్లు వెతికేటప్పుడు అద్దె కళ్ల ముందు అంకెగా కనిపిస్తుంది. ప్రయాణపు అలసట ఆ రోజు కనిపించదు. ఎంపికలో పొరపాటు దొర్లే చోటు ఇదే.

‘జీతంలో 30 శాతానికి మించి అద్దె ఉండకూడదు’ అనే సూత్రం ప్రపంచమంతా తిరుగుతోంది. దాని పుట్టుక తెలిస్తే దాన్ని శాసనంగా తీసుకోనక్కర్లేదని అర్థమవుతుంది. 1969లో అమెరికాలో ప్రభుత్వ ఇళ్లలో ఉండే పేదల నుంచి ఆదాయంలో 25 శాతానికి మించి అద్దె తీసుకోకూడదని చట్టం చేశారు. 1981లో దాన్ని 30 శాతానికి పెంచారు. అది ప్రభుత్వం తన అద్దెదారుల కోసం పెట్టుకున్న హద్దు. ఉద్యోగం కోసం నగరానికి వచ్చిన ఒంటరి మనిషికి, నలుగురున్న కుటుంబానికి ఒకేలా వర్తించే కొలత కాదు. పైగా అందులో ప్రయాణం ఊసే లేదు. ఆ లోటు గమనించిన అమెరికా పట్టణ పరిశోధకులు అద్దె, ప్రయాణం రెండూ కలిపి 45 శాతం లోపు ఉండాలనే ఇంకో కొలత ప్రతిపాదించారు. ఇల్లు ఎంచుకునేవారికి ఈ రెండోదే ఎక్కువ పనికొస్తుంది.

డబ్బు లేకుండా జరిగిపోయిన పనులు

నగరపు ఖర్చుల్లో కొన్నింటికి బిల్లు మీద పేరుండదు. చిన్న ఊళ్లో ఒక గంట బిడ్డను చూసుకోమంటే పక్కింటివారు చూసుకుంటారు. నిచ్చెన కావాలంటే ఎవరో ఒకరి ఇంట్లో ఉంటుంది. ఏ మెకానిక్ మోసం చేయడో, ఏ డాక్టరు అనవసరంగా పరీక్షలు రాయడో ఊరంతటికీ తెలుసు. జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చే మనిషి ఉంటుంది. ఇవన్నీ సేవలే, వీటికీ విలువ ఉంది. అక్కడ ఆ విలువను డబ్బులో కాకుండా తిరిగి సాయం చేయడంలో చెల్లిస్తారు. నగరానికి వచ్చిన రోజున ఆ ఖాతా సున్నా అవుతుంది. అప్పటిదాకా పరిచయాలతో జరిగిన ప్రతి పనికీ ఇప్పుడు రేటు ఉంటుంది.

నగరంలో జనం మనసు లేనివాళ్లని కొత్తవారికి అనిపించడం సహజం. సామాజిక మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1970లో దీనికి వేరే వివరణ ఇచ్చాడు. రోజూ వేలమంది ఎదురయ్యే చోట ప్రతి ఒక్కరినీ పలకరించడం మనిషి శక్తికి మించిన పని. అందుకే నగరవాసి తెలియకుండానే వడపోత పెట్టుకుంటాడు. అది ద్వేషం కాదు, తట్టుకోవడానికి ఎంచుకున్న పద్ధతి. ఈ తేడా తెలుసుకోవడం వల్ల ఒంటరితనం పోదు. కానీ దగ్గరయ్యే దారి మారుతుందని అర్థమవుతుంది. నగరంలో పరిచయం వీధి వల్ల కాకుండా రోజూ కలిసే పని వల్ల, ఆట వల్ల, ఒకే వేళకు ఎక్కే రైలు వల్ల ఏర్పడుతుంది. అలాంటి పైపై పరిచయాలే ఉద్యోగ సమాచారాన్ని ఎక్కువగా మోసుకొస్తాయని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెట్టర్ 1973లో వాదించాడు. ప్రాణస్నేహితులకు తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి. కొత్త కబురు తెచ్చేది అప్పుడప్పుడు కలిసే మనిషే.

చోటు లేకపోవడం కూడా ఖర్చే. ఇరుకు గదిలో నెల సరుకు ఒకేసారి పెట్టుకోలేరు. చిన్న ప్యాకెట్లు కొంటే ప్రతి గ్రాముకూ ఎక్కువ పడుతుంది. ఫ్రిజ్ లేకపోతే రోజూ తాజాగా కొనాలి, లేదా బయట తినాలి. ఒకేసారి పెద్ద మొత్తం కట్టలేనివారు ఏడాది పాస్ బదులు రోజు టికెట్, నగదు బదులు వాయిదా ఎంచుకోవాల్సి వస్తుంది. పేదలే ఎక్కువ ధర చెల్లిస్తారని సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ కాప్లోవిట్జ్ 1963లోనే న్యూయార్క్ కుటుంబాలను అధ్యయనం చేసి చూపించాడు. అరవై ఏళ్లు గడిచినా ఆ తీరు చెక్కుచెదరలేదు. నిజానికి నగరానికి అలవాటు పడటంలో అత్యంత అన్యాయమైన భాగం ఇదే. తక్కువతో మొదలుపెట్టినవారికే ప్రతిదీ ఎక్కువ ధరకు దొరుకుతుంది.

మొదటి ఏడాది బరువు

జీతం నెల చివర వస్తుంది. డిపాజిట్, మొదటి నెల అద్దె, పరుపు, గిన్నెలు, గ్యాస్ పొయ్యి మాత్రం మొదటి వారంలోనే కావాలి. ఆ మొదటి నెల ఖర్చు 180 భాగాలు అయిందనుకుంటే, రావాల్సిన 100 ఇంకా చేతికి రాలేదు. పరుపు, గిన్నెల లాంటివాటిని మూడేళ్ల వాడకం మీద పంచి చూస్తే నెలకు చాలా చిన్న మొత్తమే. డిపాజిట్ అయితే ఖర్చే కాదు, తిరిగి వచ్చే డబ్బు. కానీ దుకాణదారుడు, ఇంటి యజమాని మూడేళ్లు ఆగరు. ఆ లోటును అప్పుతో పూడిస్తే సమస్య స్వభావమే మారిపోతుంది. నెలకు 3 శాతం వడ్డీ చిన్నదిగానే వినిపిస్తుంది. వడ్డీ మీద వడ్డీ చేరితే అది ఏడాదికి 42 శాతం దాటుతుంది. రెండో ఏడాది పెరిగే జీతం కూడా ఆ అప్పు తీర్చడానికే పోతుంది.

దీని తర్వాత చెప్పుకోవాల్సింది తెలియనితనానికి కట్టే మూల్యం. నగరం గురించి ఏమీ తెలియక ముందే, నగరంలోకెల్లా పెద్ద నిర్ణయం, ఇల్లు, తీసుకోవాల్సి వస్తుంది. ఫొటోలు చూసి ఏడాది ఒప్పందం మీద సంతకం పెడతారు. వర్షం పడితే ఆ దారి ఎలా ఉంటుందో, రాత్రి ఎంతవరకు బస్సులుంటాయో, నీళ్లు ఎన్ని గంటలు వస్తాయో వెళ్లాకే తెలుస్తుంది. మొదటి రెండు మూడు నెలలకు సామాను తక్కువగా, ఒప్పందం చిన్నగా ఉండే వసతిలో ఉండటం నెల లెక్కలో ఖరీదుగానే కనిపిస్తుంది. కానీ తప్పు ఇంట్లో పది నెలలు చిక్కుకోవడంతో పోలిస్తే అది చవక. ఆ కొన్ని నెలల్లో పని రోజుల్లో, అదీ రద్దీ వేళల్లో, మనసులో ఉన్న పేటల నుంచి ఆఫీసుకు ఒకసారి వెళ్లి చూస్తే తెలిసేది ఏ మ్యాపూ చెప్పదు.

జీతం వైపు చూస్తే

ఇన్ని ఖర్చులున్నా జనం నగరాలకు వస్తూనే ఉన్నారు. ఐక్యరాజ్యసమితి 2018 అంచనాల ప్రకారం ప్రపంచ జనాభాలో 55 శాతం పట్టణాల్లో ఉన్నారు. 2050 నాటికి అది 68 శాతానికి చేరుతుంది. దీన్ని మోజు అని కొట్టిపారేయడం తేలికే. కానీ ఆ మోజు వెనుక గట్టి లెక్కే ఉంది, అయితే అది మొదటి నెల పే స్లిప్‌లో పూర్తిగా కనిపించదు.

2001లో ఎడ్వర్డ్ గ్లేజర్, డేవిడ్ మారే అమెరికా ఉద్యోగుల మీద చేసిన అధ్యయనంలో తేలిందేమిటంటే, నగరంలో జీతం లాభం వచ్చిన రోజే మొత్తం దొరకదు, ఏళ్లు గడిచేకొద్దీ పేరుకుంటుంది. హోర్హే డె లా రోకా, డియేగో పూగా 2017లో స్పెయిన్ ఉద్యోగుల వివరాలతో ఇంకో మెట్టు పైకి వెళ్లారు. పెద్ద నగరంలో ఒక ఏడాది అనుభవం చిన్న పట్టణంలో ఒక ఏడాది అనుభవం కన్నా ఎక్కువ విలువ తెస్తోంది. నగరం వదిలి వెళ్లాక కూడా ఆ విలువ చాలా వరకు మనిషితోనే ఉంటోంది. ఒకే రంగంలో అనేక సంస్థలు, తోటి పనివాళ్లను చూసి నేర్చుకునే అవకాశం, నచ్చకపోతే ఊరు మారకుండానే ఉద్యోగం మారే వీలు దీనికి కారణాలుగా చెబుతారు. అంటే ఖర్చు మొదటి ఏడాదే ఎక్కువ, రాబడి తర్వాతి ఏళ్లలో ఎక్కువ. మొదటి ఏడాది మిగులు చూసి నగరం దండగ అనుకోవడం నాటిన ఏడాదే మామిడి చెట్టు కింద కాయలు వెతకడం లాంటిది.

అయితే ఈ చెట్టు అందరి పెరట్లో ఒకేలా కాయదు. అమెరికాలో ఒకప్పుడు పేద రాష్ట్రాల నుంచి ధనిక రాష్ట్రాలకు వలస వెళ్తే లాయర్‌కూ లాభమే, ఊడ్చే పనివారికీ లాభమే. ఇప్పుడు లాయర్‌కు ఇంకా లాభమే గానీ, ఊడ్చే పనివారికి పెరిగిన జీతాన్ని ఇంటి ఖర్చే తినేస్తోందని పీటర్ గ్యానాంగ్, డేనియల్ షోగ్ 2017లో చూపించారు. జీతాలు పెరిగిన చోటికి జనం వస్తారు. ఆ వేగంతో ఇళ్లు కట్టకపోతే, కట్టనివ్వకపోతే, వచ్చినవారంతా ఉన్న ఇళ్ల కోసమే పోటీ పడతారు. అప్పుడు పెరిగిన జీతంలో పెద్ద భాగం పని చేసినవారి దగ్గర ఆగకుండా ఇంటి యజమానికి చేరుతుంది. కొత్తగా వచ్చిన మనిషి ఎంత పొదుపుగా ఉన్నా దీన్ని సరిచేయలేడు. ఇది నేల వాడకం నియమాలు, ప్రజా రవాణా, ఇళ్ల నిర్మాణం చూసే ప్రభుత్వాలు తేల్చాల్సిన విషయం. వ్యక్తిగత క్రమశిక్షణ లోపంగా దీన్ని చూపించడం సరికాదు.

వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు?

2020 తర్వాత ఇంటి నుంచి పని చేసే పద్ధతి విస్తరించడంతో దగ్గరితనం ధరే మారింది. కోవిడ్ కాలంలో అమెరికాలోని పెద్ద నగరాల నడిబొడ్డు నుంచి అంచులకు జనం, ఇళ్ల గిరాకీ మళ్లాయని అక్కడి ఆర్థికవేత్తలు గమనించారు. ట్యూనెన్ సూత్రం ప్రకారం జరగాల్సిందే ఇది. ప్రయాణం తగ్గితే దూరం బరువు తగ్గుతుంది.

ముందు వేసిన లెక్కనే మళ్లీ తీసుకుందాం. అవే రెండు ఇళ్లు, అవే అద్దెలు. ఆఫీసుకు వెళ్లాల్సింది నెలకు 22 రోజులు కాదు, వారానికి రెండు రోజుల చొప్పున సుమారు 9 రోజులు. రోజు టికెట్ల లెక్కన దగ్గరి ఇంటి ప్రయాణ ఖర్చు 5 నుంచి 2 భాగాలకు, దూరపు ఇంటిది 12 నుంచి 5 భాగాలకు తగ్గుతుంది. దగ్గరి ఇంటికి మొత్తం 37, దూరపు ఇంటికి 29. ఆదా 4 నుంచి 8 భాగాలకు పెరిగింది. అదనంగా దారిలో పోయే సమయం 40 గంటల నుంచి పదహారున్నర గంటలకు పడిపోయింది. మొదటి లెక్కలో తెలివితక్కువగా కనిపించిన ఇల్లే ఇప్పుడు మేలైనదిగా తేలుతోంది. అందుకే నగరంలో ఉద్యోగానికి ఒప్పుకునే ముందు జీతం ఎంత అన్న ప్రశ్నతో పాటు, వారానికి ఎన్ని రోజులు రావాలి, ఆ ఏర్పాటు కాగితం మీద ఉందా అన్న ప్రశ్న కూడా అడగాలి. ఇంటి ఒప్పందం మీద సంతకం అయ్యాక ఐదు రోజులూ రమ్మంటే మళ్లీ పాత లెక్కే వర్తిస్తుంది.